తమ్ముడు సెంట్రింగ్ పనికి ఇజ్రాయెల్ పోతానంటున్నాడు. ఇన్నాళ్ళూ అక్కడ ఆ పని చేసిన పాలస్తీనా వాళ్ళ సంగతేంటి?

మెట్‌పల్లి ఆడబిడ్డ:

అందరికీ నమస్తే. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. పుట్టిల్లు మెట్‌పల్లి దగ్గర పల్లె. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా తమ్ముడికి ఇరవై ఏడేళ్ళు. సెంట్రింగ్ పని బాగా వచ్చు, ఇనుము వంచడం కూడా చేస్తాడు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర రోజు కూలి. ఇజ్రాయెల్‌కు సర్కారు తరఫునే పంపిస్తున్నారనీ, నెలకు లక్షా ముప్పై వేల పైన జీతమనీ దోస్తులు చెప్పారట. వాకబు చేశాను, మాట నిజమే. 2023లో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరింది. 2024లో హైదరాబాద్‌లో కూడా ఇంటర్వ్యూలు పెట్టి మన నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్ళను తీసుకున్నారు. మా ఇంటి మీద మూడు లక్షల అప్పుంది, నూటికి రెండు రూపాయల మిత్తి. చెల్లె పెళ్ళికి చేసింది. అమ్మకు లోపల భయమే, అయినా "నాలుగేండ్లు కండ్లు మూసుకుంటే గట్టెక్కుతం బిడ్డా" అంటోంది.

నా టెన్షన్ వేరే. బాంబుల గురించి, జీతాల గురించి ఇక్కడ బోలెడు పోస్టులున్నాయి, అన్నీ చదివాను. ఇంతమంది పనివాళ్ళు ఒక్కసారిగా ఎందుకు కావలసి వచ్చారని చూస్తే, 2023 అక్టోబరు 7 దాకా అక్కడ సెంట్రింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనులు ఎక్కువగా చేసింది పాలస్తీనా వాళ్ళని తెలిసింది. వెస్ట్ బ్యాంక్ నుంచి లక్ష మందికి పైగా, గాజా నుంచి పద్దెనిమిది వేల దాకా పర్మిట్ల మీద వచ్చిపోయేవాళ్ళట. ఆ రోజు గాజా నుంచి హమాస్ సాయుధులు ఇజ్రాయెల్ మీద దాడి చేశాక అందరి పర్మిట్లూ నిలిపేశారు. కొద్ది మందికే మళ్ళీ ఇచ్చారు.

మా బాపు పద్దెనిమిదేళ్ళు మస్కట్‌లో చేశాడు. నా చిన్నప్పుడు ఆయన గొంతు మాకు క్యాసెట్‌లో వచ్చేది. అమ్మ ఆ క్యాసెట్ రెండోవైపు మా మాటలు నింపి పంపేది. ఒకరోజు ఆయన పనిచేసే చోట కాగితం మీద ఇరవై పేర్లు రాసి అంటించి, ఆ ఇరవై మందినీ ఇంటికి పంపేశారు. తప్పేంటో చెప్పలేదు. బాపు ఊరికొచ్చాక నెల రోజులు పొద్దున నాలుగింటికే లేచి, బూట్లు తొడుక్కుని, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అమ్మ చాయ్ తెచ్చి ఇచ్చేదాకా అట్లే ఉండేవాడు.

ఇప్పుడు నా తమ్ముడు పోయి నిలబడేది అలాంటి ఒకాయన నిలబడ్డ చోటే అనిపిస్తోంది. ఒకరి నోటికాడి ముద్ద తీసి మనవాడి కంచంలో వేస్తున్నట్టు ఉంది. వాడితో అంటే, "నేను తీసేసిన్నా అక్కా వాళ్ళను?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే అడుగుతున్నాను. సైన్యం ఆక్రమణ కింద బతకడం అంటే రోజువారీ ఎట్లా ఉంటుంది? ఆ మామూలు జనానికి చట్టం ఏమైనా హక్కులిచ్చిందా? అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళు, చట్టం తెలిసినవాళ్ళు చెప్పండి. పార్టీల గొడవ వద్దు, దయచేసి.


ఆర్మూర్ అన్న:

చెల్లె, నేను ఇజ్రాయెల్‌లో పదకొండేళ్ళు కేర్‌గివర్‌గా చేశాను. 2024లో తిరిగొచ్చాను. మన ఆర్మూర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఆ పనికి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు కనిపించింది చెప్తాను, చదివింది కాదు.

టెల్ అవీవ్ పక్కన హోలోన్ అనే ఊరు. నేను చూసుకున్న అవ్వకు తొంభై దాటాయి. చిన్నప్పుడు హిట్లర్ క్యాంపులో పడి బతికి బయటపడ్డ మనిషి, ఎడమ చేతి మీద నంబరు పచ్చబొట్టు ఉండేది. స్నానం పోసేటప్పుడు ఆ చేయి మీద సబ్బు నన్ను రుద్దనిచ్చేది కాదు, తానే రుద్దుకునేది. నన్ను కొడుకులా చూసింది. మా నాయన పోయినప్పుడు టికెట్ పైసలు ఆమే ఇచ్చింది. కాబట్టి ఎవరి మీదా కోపంతో రాయడం లేదని మొదలే చెప్తున్నాను.

మా బిల్డింగు పాతది. భూకంపానికి తట్టుకునేలా గట్టిచేసి, ప్రతి ఇంటికీ ఒక మమాద్ కలిపే పని 2022లో మొదలైంది. మమాద్ అంటే రాకెట్లు పడ్డప్పుడు దాక్కునే కాంక్రీటు గది. ఆ గదులు కట్టినవాళ్ళంతా పాలస్తీనా వాళ్ళే. మెట్ల గోడకు ప్లాస్టరింగ్ చేసిన సుతారి ఒకాయన నాకు దోస్తయ్యాడు. పేరు రాయను. అక్కడ పెద్ద కొడుకు పేరు చెప్పి ఫలానావాడి నాయన అని పిలుస్తారు, మన ఊళ్ళల్లో ఫలానావాడి అవ్వ అన్నట్టే. హెబ్రోన్‌కు దక్షిణాన యట్టా వైపు పల్లె ఆయనది. మేమిద్దరం మాట్లాడుకున్నది హీబ్రూలో. ఆయన కూలి పనిలో నేర్చిన హీబ్రూ, నేను అవ్వ దగ్గర నేర్చిన హీబ్రూ. ఫ్లాస్కులో మరమియా ఆకు వేసిన చాయ్ తెచ్చేవాడు, కొంచెం చేదుగా ఉంటుంది, మూతలో పోసి నాకిచ్చేవాడు.

రాత్రి రెండున్నరకు లేచేవాడు. ఊరి నుంచి వ్యాన్‌లో తర్కుమియా చెక్‌పోస్టుకు. అక్కడ రెండు వైపులా ఇనుప కడ్డీలున్న సందులో వేల మంది నిలబడాలి. తిరిగే ఇనుప గేటు ఒక్కొక్కరినే వదులుతుంది, లోపలి నుంచి మీట నొక్కితే ఆగిపోతుంది. వేలిముద్ర, మ్యాగ్నెటిక్ కార్డు, పర్మిట్ కాగితం. దాటి ఇంకో వ్యాన్ ఎక్కితే ఆరున్నరకు మా వీధిలో దిగేవాడు. పని ఏడింటికి మొదలు. నాలుగింటికి దిగిపోవాలి, రాత్రి ఇటే ఉండిపోవడానికి ఆయన పర్మిట్ ఒప్పుకోదు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి చొక్కా లోపల గుండె మీద పెట్టుకునేవాడు. సిమెంటు చేత్తో ముట్టేవాడు కాదు. నాకు చూపించాలంటే నల్లా కింద చేయి కడిగి, ప్యాంటుకు తుడుచుకుని తీశాడు.

ఆ కాగితానికి బ్రోకర్‌కు నెలకు రెండు వేల అయిదు వందల షెకెళ్ళు. చట్ట ప్రకారం అమ్మకూడదు, అమ్ముతారు. మన దగ్గర గల్ఫ్ పోయేవాళ్ళకు ఏజెంట్లు ఆజాద్ వీసా అమ్ముకున్నట్టే చెల్లె, ఇది నాకు వెంటనే అర్థమైంది. పది రోజుల కూలి దానికే పోయేదన్నాడు. ఆయన తోటి పనివాడొకడికి ఒకరోజు చెక్‌పోస్టులో తెర మీద ఎర్ర గుర్తు వచ్చిందట. సెక్యూరిటీ కారణం. ఏం కారణం అంటే చెప్పరు. బంధువును ఎవరినో పట్టుకుపోతే ఇంట్లో మిగతావాళ్ళ పర్మిట్లు కూడా పోతాయని ఈయన అన్నాడు.

మనం దుబాయి పోతే మన ఇల్లు మనకుంది, వెనక్కి రావచ్చు. ఆయనకు సొంత ఊళ్ళోనూ ఇదే లెక్క. పెద్దకొడుకు పెళ్ళికని ఇంటి పక్కన ఒక గది వేశాడు. వాళ్ళున్నది ఏరియా సి అంట. అక్కడ గది వేయాలన్నా, బావి తవ్వాలన్నా సైన్యం ఆఫీసు పర్మిషన్ కావాలి, అడిగితే దాదాపుగా రాదు. గది లేచాక ఒకరోజు కూల్చివేత నోటీసు గడప ముందు రాయి కింద పెట్టిపోయారు. ఆయన ఇది చెప్తున్నప్పుడు తాపీ ఆపలేదు. ఇంకో మనిషి గోడ నున్నగా చేస్తూనే తన గోడ సంగతి చెప్పాడు. నీళ్ళకు ట్యాంకర్ కొనాలి. అక్కడ దూరం నుంచి చూసి ఏది పాలస్తీనా ఊరో చెప్పొచ్చు, ఇళ్ళ మీద నల్ల ట్యాంకులు వరుసగా ఉంటాయి. పక్కనే గుట్ట మీద ఇజ్రాయెల్ వాళ్ళ కాలనీకి పైపులో నీళ్ళు వస్తాయి. అలాంటి కాలనీలనే సెటిల్‌మెంట్లు అంటారు, వాళ్ళు వచ్చి స్థిరపడింది 1967 తర్వాత.

అక్టోబరు 7 శనివారం. పొద్దున ఆరున్నరకు సైరన్ మోగింది. మా ఇంటి మమాద్‌కు ఇంకా తలుపు బిగించలేదు. అవ్వను ఎత్తుకుని మెట్ల మీదికి తెచ్చి కూర్చోబెట్టాను. వీపు ఆనించింది ఆయన గురువారం పూసిపోయిన గోడకే. ఆ రోజు అవ్వ మనవరాలి స్నేహితురాలిని పాటల పండుగ దగ్గర కాల్చి చంపారు. ఇరవై మూడేళ్ళ పిల్ల, మా ఇంటికి వచ్చి నా చేతి పప్పు తిని పోయింది. అవ్వ వారం రోజులు సరిగా తినలేదు. ఆ దుఃఖం నేను ఇంట్లో ఉండి చూశాను.

ఆ ఆదివారం నుంచి సుతారి రాలేదు. గోడ మనిషి ఎత్తుకు నున్నగా ఉండి, పైన ఇటుక కనిపిస్తూ అట్లనే ఆగిపోయింది. గమేళాలో సిమెంటు రాయయింది. ఫ్లాస్కు మెట్టు మూలకు ఉంటే నేను తీసి కడిగి దాచాను. నవంబరు మొదట్లో నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. దాడి జరిగిన రోజు ఇజ్రాయెల్‌లో పనిలో ఉన్న గాజా కూలీలను పట్టుకుని, నాలుగు వారాలు ఉంచి, యుద్ధం నడుస్తున్న గాజాలోకే నడిపించి పంపారు. కాళ్ళకు నీలం పట్టీలు, వాటి మీద నంబర్లు. అవ్వ కూడా చూసింది. ఫోన్ పక్కన పెట్టమంది, ఇంకేం మాట్లాడలేదు.

2024 ఎండాకాలంలో హర్యానా పిల్లలు వచ్చి ఆ గోడ పూర్తి చేశారు. మంచి పిల్లలు. వాళ్ళను తప్పు పట్టను. నీ తమ్ముడినీ పట్టను.


హనుమకొండ వకీలు:

అమ్మా, ఆర్మూర్ తమ్ముడు కళ్ళతో చూసింది చెప్పాడు. నేను ముప్పై ఏళ్ళుగా కోర్టులో ఉన్నవాడిని, కాగితం వైపు చెప్తాను.

మీ వాళ్ళను అడగండి, 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మాది సిరిసిల్ల దగ్గరే, నేను అప్పుడు ఎనిమిదో తరగతి. నలుగురు కూడితే ఎందుకు కూడారని పోలీసులు అడిగేవాళ్ళు. పెళ్ళి సామాను కొనడానికి కరీంనగర్ పోతుంటే బస్సు ఆపి మా నాయన సంచి మొత్తం రోడ్డు మీద బోర్లించారు, పసుపు కొమ్ములు ఏరుకోవడానికి మేం కూర్చున్నాం. అయినా మమ్మల్ని ఏలే సర్కారును దించే ఓటు మాకుంది, మా కేసు వినే జడ్జి సైనికుడు కాదు. ఆ రెండూ తీసేసి, అది తరాలు నడిస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి. వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చాయి. వెస్ట్ బ్యాంక్‌లో ఆ రోజు నుంచీ సైనిక కమాండర్ జారీచేసే ఉత్తర్వుదే పైచేయి. 1967 ఆగస్టులో వచ్చిన 101వ నంబరు ఉత్తర్వు చూడండి, పదిమంది కలిసి రాజకీయం మాట్లాడాలన్నా అనుమతి కావాలి. లేకుంటే పదేళ్ళ దాకా జైలు. అదే ఏడాది వచ్చిన ఇంకో ఉత్తర్వు నీళ్ళ మీద. అనుమతి లేకుండా బోరు వేయకూడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కోర్టుల సంగతి. ఒకే రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్ళు రాళ్ళు వేశారనుకోండి. ఒకడు సెటిల్‌మెంట్ కాలనీ కుర్రాడు, వాడికి ఇజ్రాయెల్ మామూలు చట్టం, మామూలు కోర్టు. రెండోవాడు పాలస్తీనా పిల్లవాడు, వాడికి సైనిక కోర్టు. పన్నెండేళ్ళ వయసు నుంచే అక్కడ నిలబెట్టవచ్చు. 2010 నాటి సైన్యం సొంత లెక్కల్లో ఆ కోర్టుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా కేసుల్లో శిక్ష పడింది. ఇంతమందికి శిక్ష పడే కోర్టును నా సర్వీసులో చూడలేదు. కేసే లేకుండా పెట్టే నిర్బంధం ఇంకొకటి. ఆరు నెలల దాకా ఉంచవచ్చు, ఆ ఆరు నెలలు అయ్యాక మళ్ళీ పొడిగించవచ్చు, ఎన్నిసార్లయినా. ఆధారం ఏమిటో ఖైదీకీ చూపించరు, వాడి వకీలుకూ చూపించరు. చూపించని కాగితం మీద ఏం వాదిస్తాం?

హక్కులున్నాయా అని అడిగారు, ఉన్నాయి. 1949 నాలుగో జెనీవా ఒప్పందం సరిగ్గా ఇలాంటి జనం కోసమే రాశారు. హిట్లర్ సైన్యాలు ఐరోపాలో ఆక్రమించిన ఊళ్ళల్లో జనాన్ని ఏం చేశాయో చూసినవాళ్ళు కూర్చుని రాసింది. 33వ అధికరణం ప్రకారం ఎవరినీ తాను చేయని తప్పుకు శిక్షించకూడదు, మూకుమ్మడి శిక్ష కూడదు. 49వ అధికరణం ప్రకారం ఆక్రమించిన దేశం తన సొంత పౌరులను తెచ్చి అక్కడ కాపురం పెట్టించకూడదు. ఇప్పుడు వెస్ట్ బ్యాంక్‌లో తూర్పు జెరూసలేం కాకుండానే అయిదు లక్షల మందికి పైగా సెటిలర్లున్నారు. ఆ ప్రాంతానికి ముందు చట్టబద్ధమైన యజమాని ఎవరూ లేరు కాబట్టి ఒప్పందం ఆ లెక్కన వర్తించదని ఇజ్రాయెల్ వాదన. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన అడ్డుగోడ మీద అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో ఇచ్చిన అభిప్రాయంలో ఆ వాదన ఒప్పుకోలేదు. 2024 జులై 19న ఇంకా ముందుకు పోయి, ఈ ఆక్రమణ కొనసాగడమే చట్టవిరుద్ధం, వీలైనంత త్వరగా ముగించాలి అంది. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో దాని మీద ఓటింగు జరిగితే 124 దేశాలు అవునన్నాయి, 14 కాదన్నాయి, 43 తటస్థంగా ఉన్నాయి. మన దేశం ఆ 43లో ఉంది. 1988లోనే పాలస్తీనాను దేశంగా గుర్తించిన మనం అట్లా చేయడం నాకు కష్టమనిపించింది.

ఇక మీ తమ్ముడి పని. నిజాయితీగా చెప్పాలంటే, పక్క దేశం వాళ్ళను తన దేశంలోకి కూలికి రానివ్వాలని ఏ దేశానికీ చట్టం చెప్పదు. కానీ వాళ్ళకు ఆ కూలి ఎందుకు దిక్కయిందో చూడండి. వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం భూమి ఆయన చెప్పిన ఏరియా సి. వ్యవసాయం, రాయి క్వారీలు, కొత్త ఇళ్ళు అన్నీ అక్కడే రావాలి. ఆ భూమిని వాళ్ళను వాడుకోనిస్తే వాళ్ళ ఆదాయం మూడో వంతు దాకా పెరుగుతుందని 2013లో ప్రపంచ బ్యాంకు లెక్క వేసింది. సొంత పొలంలో బోరు వేయనివ్వకుండా, పొరుగువాడి పొలంలో కూలి ఒక్కటే దారిగా మిగిల్చి, ఒక పొద్దున ఆ కూలి కూడా బంద్ చేస్తే ఆ ఇల్లు ఏమవుతుందో మన ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

తమ్ముడు పోయేటట్టయితే ఒక్కటి కచ్చితంగా చేయండి. పనిచేసే చోటు కాంట్రాక్టులో ఊరి పేరుతో సహా రాయించుకోండి. అది అరియేల్, మాలే అదుమిమ్ లాంటి సెటిల్‌మెంట్ అయితే ఆ గోడ లేచేది ఆర్మూర్ తమ్ముడి దోస్తు లాంటివాళ్ళ భూమి మీద. 2025 మార్చిలో మన దేశపు నిర్మాణ కూలీలు పదిమందిని వెస్ట్ బ్యాంక్‌లో ఒక ఊళ్ళోకి పని ఉందని పిలిచి పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. పిలిచినవాళ్ళు ఆ పాస్‌పోర్టులతో చెక్‌పోస్టు దాటి ఇజ్రాయెల్‌లోకి పోవాలని చూశారట. ఇజ్రాయెల్ అధికారులు మన కూలీలను విడిపించారు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దని చెప్పండి.


కాజీపేట రైల్వే:

అక్కా, నేను మీ తమ్ముడి వయసువాడినే. అందరూ ఒక వైపే చెప్తున్నట్టు అనిపించి రాస్తున్నా. ఆ రోజు హమాస్ దాదాపు 1,200 మందిని చంపింది, 251 మందిని ఎత్తుకుపోయింది. చచ్చినవాళ్ళల్లో పొలం పనికి వచ్చిన థాయ్ కూలీలున్నారు, చదువుకోడానికి వచ్చిన నేపాల్ పిల్లలు పదిమంది ఉన్నారు. వాళ్ళేం చేశారు? అలాంటిది జరిగాక ఏ దేశమైనా గేట్లు మూయదా? మన దగ్గర అట్లయితే మనం తెరిచి పెడతామా? మీ తమ్ముడికి అప్పుంది, చేతిలో పనుంది. పోనివ్వండి. లోకం బరువంతా వాడి నెత్తిన పెట్టకండి.


హనుమకొండ వకీలు:

బాబూ, ఆ లెక్కలు నిజం. వాటిని తక్కువ చేసి మాట్లాడే ఎవరితోనూ నాకు పొత్తు లేదు. ఈ విషయంలో నాకు దారి చూపింది ఒకప్పుడు మన ఊళ్ళో ఉన్న మనిషే. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు. పోలీసుల చేతిలో జరిగే చావుల మీద ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి నిజనిర్ధారణ చేశారు. అదే మనిషి, నక్సలైట్ల చేతిలో జరిగే చావులను కూడా హక్కుల ఉద్యమం నిలదీయాలని పట్టుబట్టారు. సొంతవాళ్ళతోనే విభేదించి, 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. ఆ రోజుల్లో ఆయన్ని రెండు వైపులా తిట్టడం నేను విన్నాను.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద, మాజీ రక్షణ మంత్రి గలాంట్ మీద వారెంట్లు ఇచ్చింది. జనాన్ని ఆకలితో మాడ్చడాన్ని యుద్ధంలో ఆయుధంగా వాడారన్నది అందులో ఒక ఆరోపణ. అదే రోజు హమాస్ సైనిక నాయకుడు దెయిఫ్ మీద కూడా ఇచ్చింది, అక్టోబరు 7 హత్యలకు, బందీలకు. నువ్వు అడిగిన నేపాల్ పిల్లల ప్రశ్న ఆ వారెంటులో ఉండింది, దెయిఫ్ చనిపోయాడని తేలాక 2025లో ఆ కేసు ముగించారు.

గేటు మూయడం గురించి. ఒక నెల మూశారంటే నేనూ భయం అనుకునేవాడిని. యట్టా సుతారి మీద ఏ కేసూ లేదు, ఎవరూ ఏమీ అడగలేదు. గాజాలో 70 వేల మందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క, అందులో పిల్లలే వేలల్లో ఉన్నారు. ఆ పిల్లల్లో ఎవరూ కంచె దాటలేదు. చేసినవాడిని పట్టుకో, విచారించు, శిక్షించు. నేను అడిగేది అంతే, మన జిల్లా కోర్టులో రోజూ అడిగేదే.


మెట్‌పల్లి ఆడబిడ్డ:

అందరికీ థాంక్స్. కాజీపేట తమ్ముడికి కూడా, కోపంతో కాకుండా రాసినందుకు.

ఆదివారం ఊరికి పోయినప్పుడు ఆర్మూర్ అన్న రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. మొదట ఫోన్ చూసుకుంటూ విన్నాడు. గోడ మనిషి ఎత్తుకు ఆగిపోయిందన్న దగ్గర ఫోన్ పక్కన పెట్టాడు. "అతుకు కనిపించిందా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పాత ప్లాస్టరింగ్ ఎండిపోయాక ఏడెనిమిది నెలలకు పైన కొత్తది పూస్తే కలిసే చోట గీత పడుతుందట, ఎంత మంచి పనివాడయినా పూర్తిగా పోదట. అన్నా, పడిందా?

బాపు పక్కనే మంచం మీద ఉన్నాడు. అంతా విన్నాడు. "ఆయనకు ఎవరన్న చెప్పిండ్రా, పని అయిపోయిందని?" అని అడిగాడు. ఇంకేం అనలేదు.

తమ్ముడు ఫారం నింపాడు. సెటిల్‌మెంట్ అయితే రానని, పని చోటు రాసివ్వాలని దాని మీదే రాశాడు. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకుంటే పోతాడు. నాకు మనసు కుదుటపడిందని చెప్పను. మిత్తి ఈ నెల కూడా కట్టాలి.


ఆర్మూర్ అన్న:

గీత పడింది చెల్లె. నీ తమ్ముడు పనివాడే.

మీ బాపుకు చెప్పు, నేనే చెప్పాను ఆయనకు. గోడ అయిపోయిన రోజు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. పంపాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి పంపాను. అప్పటికి ఆయన గొర్రెలు అమ్మేశాడు, భార్య గాజులు అమ్మేశాడు, ఆ ఏడాది సెటిలర్ల భయానికి ఆలివ్ కాయ తెంపడానికి చేనుకు పోలేకపోయారు. ఊరి రోడ్డుకు ఇనుప గేటు పెట్టారు, ఎప్పుడు తీస్తారో తెలియదు. అవన్నీ అంతకుముందే చెప్పి ఉన్నాడు.

ఫోటో చూసి చాలాసేపటికి జవాబు ఇచ్చాడు. హీబ్రూలో, తప్పులతో. మూడో అంతస్తు మలుపు దగ్గర గోడ లోపల కరెంటు పైపు ఉంది, నేను ఒక జాన కిందికి దించి వేశాను, ఎవరైనా అక్కడ మేకు కొడితే షాక్ కొడుతుంది, అవ్వ కొడుక్కు చెప్పు అని.